దీర్ఘం తప్పిన దోవ

కోయంబత్తూరులో మా పాత పేట పక్కనున్న పార్కుకి రెండు గేట్లు. తూర్పు గేటుకి సిమెంటు ఆర్చి ఉంది. దాని మీద తమిళంలో 'పడై వళి' అని పెద్ద అక్షరాలు. పడై అంటే సైన్యం, వళి అంటే దోవ. పొద్దున నడకకి వచ్చేవాళ్ళు దాని కిందనుంచి చేతులూపుకుంటూ పోతారు, పిల్లలు ఐస్‌క్రీం నాకుతూ పోతారు. నేను మాత్రం పడమటి గేటునుంచే పోతాను, అర మైలు చుట్టయినా సరే. ఆ పేరులో ఒక దీర్ఘం తప్పింది. తప్పించింది నేనే. ఆర్చి లేచేనాటికి మా అవ్వ లేదు, అదొక్కటే మేలు.

నాకు తెలుగు రాయడం వచ్చింది నలభై దాటాక. పుట్టినప్పటినుంచీ ఇంట్లో తెలుగే. కానీ బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. ఎన్ని తరాల కిందటో మదురై మీదుగా ఈ దిక్కుకి వచ్చిన కుటుంబాలు మావి. మా భాష నోట్లోనే మిగిలింది, కాగితం మీద లేదు. చివరికి ఒకటో తరగతి వాచకం ఒకటి సంపాదించి, ముక్కుకి అద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాను. తలకట్టు అయ్యాక దీర్ఘం పాఠం వచ్చింది. పడి, పాడి. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి వంటింట్లోకి పోయి ఊరికే నిలబడ్డాను.

జరిగిందేమిటో చెబుతాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు, కాలేజీలో చరిత్ర చదువుతున్నాను. మా నాయనని నైనా అంటాం. నైనా మిల్లులో పత్తి గోదాము చూసేవారు. ఆయన తల్లి, మా అవ్వ, మాతోనే ఉండేది. డెబ్బై దాటినా నోరూ నడకా రెండూ చురుకే. పేటలో పొద్దు నడిచేది గడియారంతో కాదు, మిల్లు సంగుతో. సైరన్‌ని మేం సంగు అంటాం. శవం ముందు ఊదేదీ సంగే. చిన్నప్పుడు అది మాకు వింతగా తోచేది కాదు.

అవ్వ గురించి రెండు సంగతులు ముందే చెప్పాలి. నాకు పెట్టింది నైనా అక్క పేరు. ఆ అత్త నైనా పుట్టకముందే, నాలుగేళ్ళ పిల్లగా పోయిందట. పేరు పెట్టింది తాత. అవ్వ మాత్రం నన్ను ఆ పేరుతో ఒక్కసారి కూడా పిలవలేదు. ఎప్పుడూ 'కన్ను' అనేది, కోపం వస్తే 'మే' అనేది. రెండోది, పార్కులోని రాళ్ళ దోవ. మిల్లు లైను ఇళ్ళ దగ్గర మొదలై, పార్కుకి అడ్డంపడి, వంక దాకా పోయే పాత రాతి పలకల దోవ అది. చాలావరకు మన్ను కప్పేసింది. మధ్యలో మంచమంత వెడల్పు పలక ఒకటి పైకి కనిపించేది. అవ్వ దాన్ని తొక్కేది కాదు, చుట్టి పోయేది. ఏడేళ్ళప్పుడు నేను దాని మీదెక్కి కుప్పిగంతులేస్తే చెంప పగలగొట్టింది. అవ్వ నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. ఎందుకని ఎవరూ అడగలేదు.

పార్కులో ఊయలల కోసం గుంతలు తీస్తుంటే మన్ను కింద పలకలు వరసగా బయటపడ్డాయి, ఉలితో చక్కగా చెక్కినవి. మదరాసునుంచి తవ్వకాల ఆఫీసరు ఒకాయన వచ్చారు. ఉత్తరాది మనిషి. తమిళం రాదు, తెలుగు అసలే రాదు. మంచివాడు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే తప్పంతా ఆయన నెత్తిన రుద్ది హాయిగా నిద్రపోయేదాన్ని. ఇంగ్లీషు మాట్లాడే మనిషి కావాలంటే నైనా నన్ను తీసుకుపోయారు. ఆఫీసరు ఒక ఫారం నా చేతికిచ్చి, ఈ దోవని ఇక్కడివాళ్ళు పూర్వం ఏమనేవారో పెద్దవాళ్ళని అడిగి రాసివ్వమన్నారు.

అవ్వ పొయ్యి దగ్గర ఉలవలు వేయిస్తోంది.

"అవ్వా, పార్కులో రాళ్ళ దోవని ఆ కాలంలో ఏమంటా ఉండ్రి?"

"పాడెదోవ."

"ఏం దోవ?"

"పాడె మే, పాడె! చచ్చినోళ్ళని మోసుకొని పోతారే, అది. చెవుడా నీకు? అరవోళ్ళు పాడై వళి అంటా ఉండ్రి. దాంతో నీకేం పని?"

"సుమ్మా, ఊరికే అడిగినాను."

"సుమ్మా అడిగేదానికి వేరే ఏమీ దొరకలేదా? శుక్రవారం పూట, పొయ్యి ముందర!"

ఉలవలు మాడాయి. ఆ తిట్లు కూడా నాకే పడ్డాయి.

ఫారంలో 'స్థానిక నామం' అని ఒక గడి, 'అర్థం' అని ఒక గడి. మొదటి గడిలో తమిళ పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. పి, ఏ, డి, ఏ, ఐ. పి పక్కన ఇంకొక 'ఏ' పెడితే పాడై అయ్యేది. నా చెవిలో అది పాడైగానే మోగుతోంది కాబట్టి కాగితం మీద కూడా పాడైగానే కనిపించింది. ఇక రెండో గడి. పేరూ ఊరూ తెలియని పెద్దమనిషికి 'శవాలు మోసే దారి' అని రాసివ్వడానికి చెయ్యాడలేదు. ఇంట్లో అశుభం మాట నోటితో అనడానికే సందేహిస్తాం, రాతలో ఎలా పెడతాం? ఖాళీగా వదిలేశాను.

ఆ ఖాళీని ఆఫీసరు గుమాస్తా నింపాడు. తంజావూరు వైపు అబ్బాయి, మా పేట సంగతి అతనికేం తెలుసు? అక్షరాలు ఎలా ఉంటే అలా చదివాడు. పడై వళి. సైన్యం దోవ.

వారం తిరక్కుండా పేపరులో పడింది. మదురై నాయకుల కాలపు సైనిక మార్గం మిల్లు పక్క పార్కులో బయటపడిందనీ, ఆచూకీ ఇచ్చింది ఫలానా కాలేజీ విద్యార్థిని అనీ రాశారు. నైనా ఆ కాగితాన్ని వసారాలో నిలబడి చదివారు, కూర్చుని చదివారు, అవ్వకి వినిపించబోతే ఆమె గుడికి పోయింది.

"చూసినావా! మనం సుమ్మా కూటికోసం వచ్చినోళ్ళం కాదు. పడైతో వచ్చినోళ్ళం!"

పడై అన్నారాయన, పాడై కాదు. తప్పేమిటో ఆ క్షణంలోనే అర్థమైంది. నోరు విప్పి ఉంటే పావు గంటలో తేలిపోయేది. కానీ అంతకు నెల కిందటే టీ కొట్టు దగ్గర ఎవడో, తెలుగువాళ్ళమని, నైనాని "వడుగన్‌లకి ఇక్కడేం పని, మీ ఊరికి పోండి" అన్నాడు. ఏ ఊరికి పోవాలి? ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. ఇప్పుడు ఆయన ముఖం చూస్తే కొత్త పెళ్ళికొడుకులా ఉంది. మా వాళ్ళ సంఘం అప్పుడే ఆర్చి కట్టిస్తామని తీర్మానించింది. ఇక నా సంగతి కూడా చెప్పాలి. పేపరులో పడ్డాను కదా, కాలేజీలో లెక్చరరు నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించింది. నైనా కోసమే నోరు మూసుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. సగం ఆ చప్పట్ల కోసం.

తవ్వకం మొదలైంది. పచ్చిక మీద సుద్దతో గళ్ళు గీసి, మేకులు కొట్టి, తాళ్ళు కట్టారు. పలకలు ఒక్కొక్కటే ఎత్తి, అడుగున మన్ను జల్లెడపట్టి, మళ్ళీ పక్కకి పేర్చేవారు. చీటీలు ఇంగ్లీషులో రాసే పని ఆఫీసరు నాకిచ్చారు. ఆ పార్కులో ఎప్పుడూ గోరింకల గోల చెవులు పగిలేలా ఉండేది. తవ్వకం మొదలైనాక అవి వంక అవతలి చెట్లకి పోయాయి. గడ్డపార చప్పుడుకి పోయి ఉంటాయి, అంతకుమించి కాదు. అయినా నాకు బాగుండలేదు.

మూడో రోజు పొద్దున మా వెనక వసారాలో ఎలుక చచ్చి పడింది. నైనా పెట్టిన మందు తిని చచ్చింది. అవ్వ దాన్ని చూసి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత లోపలికి పోయి పాత చీరలో బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది.

"లేండి. అందురూ లేండి. ఇల్లు వదిలిపెట్టి పోదాం."

"ఎక్కడికమ్మా? మందు పెట్టింది నేనే కదా," అన్నారు నైనా.

"ఎలక పడింది కనపడలేదా మీకు?"

ఎంత చెప్పినా మూట విప్పలేదు. పొద్దంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది. ముసలితనం అనుకున్నాం. నైనా నవ్వేశారు కూడా.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర నైనా పార్కు కబురు చెప్పారు. వంక వైపు పలకల కింద జానెడు మందాన సున్నం పొర వచ్చిందట. సిపాయిల డేరాలకి వేసిన గచ్చు అయ్యుంటుందని ఆఫీసరు అనుకుంటున్నారట. అవ్వ చెయ్యి అన్నంలో ఆగిపోయింది.

"రాళ్ళు ఎత్తతా ఉండారా?" అంది.

పార్కులో ఏదో పని జరుగుతోందనే తప్ప అప్పటిదాకా ఆమెకి తెలియదు. నైనా సంబరంగా అంతా చెప్పారు, పడై, నాయకులు, ఆర్చి. అవ్వ వింటున్నంతసేపూ నన్నే చూసింది. నేను తలెత్తలేదు.

నైనా మిల్లుకి పోయాక వెనక బట్టలుతికే రాయి దగ్గరికి నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

"ఆ ఏడు ముందర గోదాములో ఎలకలు పడె," అని మొదలుపెట్టింది. "మళ్ళ మనుషులు. ప్లేగు. ఊరంతా చేలల్లోకి పోయి గుడిసెలేసుకొనె. మీ తాత అన్నూరు పక్క జాగా చూసేదానికి పోయిండె. ఆయన వచ్చేలోపల బిడ్డకి జరం. చంకలో గడ్డ లేచె. రెండు పొద్దులు. అంతే."

అవ్వ ఏడవడంలేదు. పప్పులో రాళ్ళేరుతున్నట్టు ఒక్కొక్క మాటే తీసి పెడుతోంది.

"మునిసిపాలిటీ బండికి తెలిస్తే ఎత్తుకొని పోయి అందురితో కలిపి గుంతలో యేసి సున్నం పోస్తారు. నా బిడ్డని గుంపులో యేస్తే నేనెట్లా గుర్తుపట్టేది, చెప్పు? మిల్లు వాచ్‌మన్ ముసిలాయన ఒకడే ఉండె. ఆడది పాడె పట్టరాదంటారు. పట్టేదానికి మొగోడేడీ? మంచం పలక మీద పండబెట్టి ఆయన ముందర, నేను వెనక. పెద్ద రాయి కాడ దించినాం."

దించడమంటే ఏమిటో నాకు తెలుసు. పాడెని దారిలో ఒకచోట దించి, పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తారు. పలికితే ప్రాణం ఉన్నట్టు. దింపుడు కల్లం ఆశ అని ప్రతి చిన్నదానికీ వాడేస్తాం, పరీక్ష తప్పినవాడు మార్కుల కోసం చూసినా అదే మాట.

"ఒకసారి పిలిచినాను. రెండోసారి పిలిచినాను. దోవలో బండి సద్దు. ముసిలాయన నా నోరు మూసె. ఆ రాయి పక్కనే మన్ను తోడి, రాయి కిందికి జరిపేసినాం. చేతికి కడియం ఉండె, తీయలేదు. మూడోసారి నేను పిలవలేదు కన్ను."

"మళ్ళ పిలవచ్చు కదా అవ్వా. ఇన్నేళ్ళుగా ఆ దోవనే పోతా ఉండావు."

అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"పిలిస్తే? పలక్కపోతే?"

మిల్లు సంగు ఊదింది, రెండో షిఫ్టుది. అది ఆగాక అవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో అంత బలముంటుందని నాకు తెలియదు.

"తక్కినవి ఎత్తనీ. ఆ రాయి ఒక్కటి ఎత్తొద్దని చెప్పు. నీ ఇంగిలీసుతో చెప్పు. నీ మాట ఇంటాడు కదా ఆ దొర."

చెబుతానన్నాను. ప్రమాణంలాగే అన్నాను.

మర్నాడు పోయి చెప్పాలి కదా. చెప్పలేదు. ఆ రాయి ఎందుకు ఎత్తకూడదో చెప్పాలంటే అది పాడెదోవ అని చెప్పాలి, పాడెదోవ అని చెప్పాలంటే నా అక్షరం తప్పని చెప్పాలి. ఆ పూట ఆఫీసరు ముందే నైనా నిలబడి సంఘం పెద్దలకి గళ్ళు చూపిస్తున్నారు. ఆ మర్నాడు ఆర్చికి పునాది తీశారు, కొబ్బరికాయ కొట్టారు. ఇంటికొస్తే అవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉండేది.

"చెప్పినావా?"

"చెప్పినాను అవ్వా."

రెండు రోజులు ఇదే అబద్ధం. అవ్వ నమ్మింది. మూట విప్పి బట్టలు పెట్టెలో సర్దింది. ఆ రాత్రి గిన్నెలు తోముతూ ఏదో పాట కూడా కూనిరాగం తీసింది.

మూడో రోజు గడ్డపారలు పెద్ద పలక దగ్గరికి వచ్చేశాయి. ఇక లాభంలేదని ఆఫీసరు దగ్గరికి పోయాను. పోయి ఏం చెప్పానంటే, మా ఇంట్లో పెద్దావిడకి ఆ రాయి మీద ఏదో నమ్మకం ఉంది, దాన్ని వదిలేస్తే బాగుంటుంది అని. అంతే. బిడ్డ అనలేదు, పాడె అనలేదు. ఆయన శ్రద్ధగానే విన్నారు. ఏ ఊళ్ళో తవ్వినా పెద్దవాళ్ళకి ఇలాంటి నమ్మకాలు ఉంటాయని నవ్వి, దాన్ని అన్నిటికంటే ఆఖరున, జాగ్రత్తగా ఎత్తుదాం అన్నారు. థాంక్యూ సార్ అన్నాను. థాంక్యూ! ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను లాగి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆఖరు రోజు రానే వచ్చింది. ఎండ మాడ్చేస్తోంది. నలుగురు మనుషులు పలక కింద గడ్డపారలు దూర్చి, ఏలేలో అని పలక ఎత్తి పక్కకి దొర్లించారు. కింద మన్ను నల్లగా, తడిగా ఉంది. చుట్టూ అంత ఎండలో ఆ తడి ఎక్కడిదో తెలియదు. ఆఫీసరు తానే దిగి చిన్న కుంచెతో మన్ను తుడవసాగారు. కాసేపటికి ఆయన చెయ్యి నెమ్మదించింది. గుమాస్తా నా వైపు తిరిగి చీటీ రాయమన్నాడు. కడియం, చిన్నది, బహుశా పిల్లది. నేను పెన్ను మూత తీశాను. అవును, తీశాను. 'కడియం' అన్నదానికి ఇంగ్లీషు మాట కూడా రాశాను.

అప్పుడే పన్నెండింటి సంగు ఊదింది. ఆ రొదలో అవ్వ రావడం ఎవరికీ వినిపించలేదు. నన్ను అన్నానికి తీసుకుపోదామని వచ్చిందట. కాళ్ళకి చెప్పుల్లేవు. దొర్లించిన పలకని చూసింది, గుంతని చూసింది, నా చేతిలోని చీటీని చూసింది. గళ్ళ తాళ్ళు దాటి వచ్చి గుంత అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. ఆఫీసరు ఎవరని అడగబోయి, ఆమె ముఖం చూసి, పైకెక్కి పక్కకి తప్పుకున్నారు.

ఏడుస్తుందనుకుని నేను వెనకగా, కాస్త పక్కకి పోయి నిలబడ్డాను, పట్టుకోవడానికి. అవ్వ ఏడవలేదు. రెండు చేతులూ మన్నులో ఆనించి, చెవిలో చెప్పడానికి వంగినట్టు బాగా కిందికి వంగింది. సంగు ఆగింది.

అవ్వ పిలిచింది. పేరుపెట్టి పిలిచింది. చివరి అక్షరానికి నిండుగా దీర్ఘం తీసి, వీధి చివర ఆడుకుంటున్న పిల్లని అన్నానికి పిలిచినట్టు. ఆమె నోట ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి.

అది నా పేరు కూడా.

"ఆఁ" అన్నాను.

ఎందుకన్నానంటే ఏం చెప్పను? పిలిస్తే పలుకుతాం. ఇరవై ఏళ్ళుగా బడిలో, కాలేజీలో, వీధిలో ఆ పేరుకి పలికిన నోరు ఇది. పలికాక తెలిసింది ఏం చేశానో.

అవ్వ తల చటుక్కున లేచింది. నా వైపు చూడలేదు, గుంతలోకే చూస్తోంది. పక్కనుంచి ఆ ముఖం నాకు కనిపించింది. డెబ్బై దాటిన ముఖం కాదది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ తల్లి ముఖం. కళ్ళు ఇంతలేసి చేసుకుని నవ్వుతోంది. గుంతలోకి రెండు చేతులూ చాచింది.

చాలాసేపు చేతులు అలాగే ఉంచింది. తర్వాత నెమ్మదిగా వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"నువ్వా" అంది.